వసుంధర సంతకం

డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో ట్రాము దిగి నాలుగడుగులు వేస్తే ‘బంతి’ టిఫిన్ హోటల్ వస్తుంది. ఇప్పుడది అభిజిత్ అనే కుర్రాడిది. అంతకుముందు ఏడేళ్ళు లక్ష్మీనారాయణది. కాగితాల మీద ఆయనదే గానీ, అక్కడ ఒక్క పూట తిన్నవాళ్ళెవరిని అడిగినా అది ఆయన భార్య వసుంధరగారి హోటలనే చెప్పేవాళ్ళు.

నిజానికి ఆ ‘బంతి’ అన్న పేరు ఇద్దరిదీ కాదు. ఇంగ్లాండులో స్థిరపడ్డ తెలుగువాళ్ళెవరో పెట్టిన కంపెనీ అది. పేరు వాళ్ళది, బోర్డు మీది అక్షరాలు వాళ్ళవి, సాంబారు పొడి వాళ్ళు పంపిందే వాడాలి. ఇడ్లీ ఎంత బరువుండాలో, చట్నీ గిన్నె ఎంత లోతుండాలో కూడా వాళ్ళ పుస్తకంలో రాసి ఉండేది. లక్ష్మీనారాయణ పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్లిన్ ఆఫీసు ఎత్తేసినప్పుడు, నలభయ్యారేళ్ళ వయసులో మళ్ళీ ఇంటర్వ్యూలకు తిరగలేక, చేతిలో ఉన్నదంతా పెట్టి ఆ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. ఆయన పూర్వాశ్రమంలో టెస్టర్. ఇరవై ఏళ్ళపాటు వందల పేజీలు చదివి, ఎక్కడ ఏ మాట తేడాగా ఉందో పట్టుకోవడమే ఆయన ఉద్యోగం.

వసుంధరది పాలకొల్లు దగ్గర పల్లె. వాళ్ళ మేనత్త చేతి దిబ్బరొట్టె ఆవిడకు అబ్బింది. దళసరి మూకుడులో నూనె పోసి, మినప్పిండి వేసి, మూత పెట్టి, మంట సిమ్‌లో ఉంచి కదలకుండా కూర్చుంటే, అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉడికిన రొట్టె వస్తుంది. హోటలు పెట్టిన రెండో ఏడాది ఒక శనివారం చేసి అమ్మింది. గంటలో అయిపోయింది. ఆ మరుసటి వారం కంపెనీ తరఫున తనిఖీకి వచ్చినాయన రెండు ముక్కలు ఇష్టంగా తిని, మూతి తుడుచుకుని, “చాలా బావుందమ్మా, కానీ మన లిస్టులో లేదు కదా” అన్నాడు. అంతే, మానేసింది.

“సరేలెండి, మన సొంతానికి పెట్టుకున్నప్పుడు చేద్దాం” అంది భర్తతో.

ఆ తర్వాత ఆ మాట ఆవిడ నోట తరచుగా వచ్చేది. మన సొంతానికి పెట్టుకున్నప్పుడు ఆరు బల్లలు చాలండీ. మన సొంతానికి పెట్టుకున్నప్పుడు నాలుగే నాలుగు రకాలు, రోజూ అవే. ఆయన ఊఁ కొట్టేవాడు. ఊఁ కొట్టడం వరకూ ఆయనకేమీ కష్టం లేదు.

కష్టమల్లా పొద్దున్నే లేవడం. బియ్యం బస్తాలు దింపడం, చీకటితో వెళ్ళి షట్టరెత్తడం, మురుగు గొట్టం అడ్డుపడితే గ్లవ్స్ తొడుక్కుని చెయ్యి పెట్టడం. ఆదివారమంటే మిగతా ఆరు రోజులకన్నా పెద్ద పని. కూతురు శ్రీలేఖ ఆదివారాలు కామోగీ ఆడేది, చేతిలో కర్ర పట్టుకుని ఆడే ఈ దేశపు ఆట. ఆయన ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఏడో ఏడు వచ్చేసరికి మడమల నొప్పితో మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. వసుంధర మాత్రం పిండి రుబ్బుకుంటూ కూనిరాగాలు తీసేది. ఆవిడను చూస్తే ఆయనకు ముచ్చటా వేసేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది కూడా. అలిసిపోయాను అని ఒక్కసారి కూడా ఆవిడతో అనలేదు. ఆవిడ అలవనప్పుడు తను ఎలా అంటాడు?

అలాంటప్పుడు అభిజిత్ వచ్చాడు. హైదరాబాదు కుర్రాడు, ముప్పై నాలుగేళ్ళు, ఏదైనా సూటిగా మాట్లాడే రకం. హోటలు తనకిమ్మని అడిగాడు. లక్ష్మీనారాయణ ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాడు.

వసుంధర కాసేపు ఆలోచించి, “ఇచ్చేద్దామండీ” అంది.

ఆయన ఆశ్చర్యపోయాడు. “నీకు బాధ లేదా?”

“బాధెందుకు? వాళ్ళ పొడులు, వాళ్ళ పుస్తకం వదిలిపోతాయి. ఇకనన్నా మన సొంతానికి పెట్టుకోవచ్చు.”

ఆయన అమ్మాలనుకున్నది ఆ బతుకును. ఆవిడ అమ్మాలనుకున్నది ఆ బోర్డును. ఆ ఒక్క సాయంత్రం నోరు విప్పి ఉంటే సరిపోయేది. “చూద్దాంలే” అని టీవీ పెట్టుకున్నాడు.

ఫ్రాంచైజీ చేతులు మారాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, కొనేవాడి లాయరూ అమ్మేవాడి లాయరూ కాగితాలు తిప్పుకోవాలి. లక్ష్మీనారాయణ తరఫున ఓర్లా అనే సొలిసిటర్ చూసింది. యాభై దాటిన మనిషి, మాట మెత్తన, పని గట్టి. పొడుగాటి పేరు నోరు తిరగక ఆయన్ని ‘లక్ష్మీ’ అని పిలిచేది.

ఒక మధ్యాహ్నం ఆయన సరుకుల గోడౌను బయట కారులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది.

“లక్ష్మీ, పదకొండో పేజీ చూశావా? రెండేళ్ళపాటు, ముప్పై కిలోమీటర్ల లోపల, దక్షిణాది వంటకాలమ్మే ఏ వ్యాపారంలోనూ నువ్వు ఉండకూడదు. అది మామూలే, అమ్మేవాళ్ళందరూ ఇచ్చే మాటే. కానీ వాళ్ళు నీ భార్య పేరు కూడా చేర్చారు. సొంతంగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ, జీతానికి గానీ చేయకూడదని.”

“చూశాను” అన్నాడు. చూశాడు. ముందురోజే ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

“లైసెన్సులో ఆవిడ పేరు లేదు. ఆవిడ సంతకం అడగడం కాస్త ఎక్కువే. తీసెయ్యమని రాస్తాను. కొంచెం గొణిగినా ఒప్పుకుంటారనే నా నమ్మకం. రాయమంటావా?”

అద్దం మీద సన్నటి వాన పడుతోంది. వెనక సీట్లో మినప్పప్పు బస్తాలున్నాయి. వాటిని దింపాలి. ఆ రోజు దింపాలి, సొంతానికి పెట్టుకున్నాక కూడా రోజూ దింపాలి. ఆరు బల్లలైనా, అరవై బల్లలైనా దింపేది తనే.

“వద్దు ఓర్లా. ఉండనీ” అన్నాడు.

“ఆవిడకు తెలుసా? కావాలంటే వేరే లాయర్‌తో మాట్లాడుకునే హక్కు ఆవిడకుంది.”

“తెలుసు. మేం మాట్లాడుకున్నాం. ఫర్లేదు.”

“గ్రాండ్” అంది ఓర్లా, సరే అనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాట. కానీ ఎప్పుడూ అనేంత హుషారుగా అనలేదు.

కాగితాలు ఇంటికొచ్చాయి. సంతకం పెట్టవలసిన చోటల్లా పసుపుపచ్చ స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. వసుంధర చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. సాక్షి సంతకానికి పక్క ఫ్లాటు సూర్యప్రభగారిని పిలిచారు.

“ఇవన్నీ ఏంటండీ?”

“అమ్మకం కాగితాలే. స్టిక్కరున్న చోటల్లా పెట్టు.”

ఆవిడ పెట్టింది. తెలుగులోనే పెట్టేది ఎప్పుడూ, గుండ్రంగా, ‘ధ’ అడుగున వత్తు గీత మర్చిపోకుండా. నాలుగుచోట్ల పెట్టి, సూర్యప్రభగారికి కాఫీ కలపడానికి లేచింది. వేరే లాయర్ సలహా తనకు అక్కర్లేదని రాసిన కాగితం మీద కూడా ఆ నాలుగింటిలో ఒక సంతకం ఉంది.

హోటలు అభిజిత్ చేతికి వెళ్ళింది. రెండు నెలలు ఇల్లు పండగలా ఉంది. లక్ష్మీనారాయణ ఎనిమిదింటిదాకా పడుకున్నాడు. ఒక ఆదివారం కూతురి మ్యాచ్‌కి వెళ్ళి, ఆట అర్థం కాకపోయినా గొంతు పోయేలా అరిచాడు. “డాడ్, యు వర్ చీరింగ్ ఫర్ ద అదర్ టీమ్” అని శ్రీలేఖ పడీపడీ నవ్వింది. ఇదే కదా కావలసింది అనుకున్నాడు. ఒక బాకీ దానంతట అదే తీరిపోయినట్టు అనిపించింది.

వసుంధర మాత్రం ఊరుకోలేదు. రోజూ నడకకని వెళ్ళి, పక్కనే ఉన్న సాగర్ట్‌లో ఖాళీగా ఉన్న ఒక చిన్న కెఫే చూసి వచ్చింది. ఏజెంటుతో మాట్లాడింది. కాగితం మీద బల్లలు గీసుకుంది, సరిగ్గా ఆరు. ఆయన “తొందరేముంది” అంటూ నెట్టుకొచ్చాడు. ఏదో ఒకరోజు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక రోజులు దొర్లించాడు.

చివరికి ఆయన చెప్పలేదు. అభిజిత్ చెప్పాడు. పెద్ద గ్రైండరు ఎలా విప్పి కడగాలో చూపించమని అతనడిగితే వసుంధర హోటలుకు వెళ్ళింది. చూపిస్తూ చూపిస్తూ, సంబరంగా, తన కెఫే సంగతి చెప్పింది. ఆ కుర్రాడి మొహం మాడిపోయింది.

“ఆంటీ, అట్లెట్ల? అగ్రిమెంట్ల మీ పేరు గూడ ఉంది గద.”

ఆవిడ ఇంటికొచ్చేసరికి లక్ష్మీనారాయణ సోఫాలో ఉన్నాడు. ఆవిడ కోటు విప్పకుండానే ఆ కాగితాలు ఎక్కడున్నాయని అడిగింది. తెచ్చి ఇచ్చాడు. ఆవిడ పదకొండో పేజీని వేలు పెట్టి, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివింది. చదవడం అయ్యాక తల ఎత్తింది.

“ఇది మీరు చూళ్ళేదా?”

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. కానీ ఆవిడ అడిగిన తీరులోనే జవాబు తయారుగా ఉంది. ఆయన దాన్ని అందుకున్నాడు.

“సరిగ్గా చూసుకోలేదు వసూ.”

ఆవిడ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. తర్వాత వచ్చి ఆయన పక్కన కూర్చుని, తిట్టడానికి బదులు ఆయన మోకాలు మీద చెయ్యి వేసింది. “మీరేం చేస్తారు లెండి, ముప్పై పేజీలు. మీరు మాత్రం మనిషి కాదా? ఆ లాయరమ్మ చెప్పద్దూ? అన్నీ తెలిసినావిడ, ఇదిగో ఇలా ఉంది, చూసుకోండి అని ఒక్క మాట చెప్పద్దూ?”

“చెప్పాల్సింది” అన్నాడు లక్ష్మీనారాయణ. ఆ మాట అన్నది తన గొంతేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

మర్నాడు అభిజిత్ దగ్గరికి వెళ్ళాడు. ఎలాగైనా ఆవిడ పేరు తీయించాలని ఆ పూట నిజంగానే అనుకున్నాడు. అభిజిత్ తలుపు వేసి, కుర్చీ చూపించి, మర్యాదగానే మాట్లాడాడు.

“అంకుల్, అప్పుడే అడిగుంటే తీసేస్తుంటి. మా లాయర్ పెట్టిండు, మీరేమంటరో చూద్దామనుకున్నం. మీరేమనలే. ఇప్పుడు ఆ కాగితం చూసే బ్యాంకోళ్ళు లోన్ ఇచ్చిన్రు, కంపెనీ సరేనంది. ఇప్పుడు తియ్యమంటే నేనెక్కడికి పోవాలె? ఆంటీ సాగర్ట్‌ల దుకాణం పెడితే నా దగ్గరికెవరొస్తరు, మీరే చెప్పుండ్రి.”

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఆ సంగతి లక్ష్మీనారాయణకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రెండేళ్ళే కదా అని ఆయన అన్నాడు. రెండేళ్ళే కదా అని ఆవిడా అంది. స్లైగోలో ఆసుపత్రి నర్సుగా ఉన్న రోజీ, పూర్వం వీళ్ళ హోటల్లో రోజూ తిన్న పిల్ల, సంగతి విని ఫోన్ చేసింది. “అక్కా, మా ఊరొచ్చేయ్. ఇక్కడికి ముప్పై కాదు, రెండొందల కిలోమీటర్లు. మన నర్సులందరం ఇడ్లీ ముక్క కోసం మొహం వాచిపోయున్నాం. సగం నేను పెడతా, నడిపేది నువ్వు.” వసుంధర నవ్వి, “ఆయన్నీ పిల్లనీ వదిలి ఎక్కడికొస్తానే” అంది. ఆయన పక్క గదిలో ఉండి విన్నాడు. వెళ్ళు అనలేదు.

ఖాళీగా కూర్చోలేక ఆవిడ దగ్గర్లోని తాలాలో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో చేరింది. బంగాళదుంపలు ఉడికించి మెదపడం, సూపు వడగట్టడం, పళ్ళు లేనివాళ్ళకు అన్నీ మెత్తగా చేసిపెట్టడం. రెండు వారాలకోసారి ఆదివారం డ్యూటీ పడేది. మిగతా ఆదివారాలు అలిసిపోయి పడుకునేది. ఏ ఆదివారాల కోసం ఆయన అంత పని చేశాడో, ఆ ఆదివారాలు ఒక్కడే టీ కాచుకుని కిటికీ దగ్గర కూర్చుని గడిపాడు. శ్రీలేఖ మోకాలికి దెబ్బ తగిలి ఆట మానేసింది.

ఉగాదికి తెలుగు సంఘంవాళ్ళు వచ్చి పులిహోర చేసిపెట్టమని అడిగారు. ఊరికే చేసే పులిహోర, అమ్మేది కాదు. ఆవిడ ఒప్పుకోలేదు.

“అది ఒప్పందంలోకి రాదు వసూ. చెయ్యచ్చు” అన్నాడాయన.

“ఏమో, నాకా ఇంగ్లీషు అంత తెలీదు. సంతకం పెట్టాను కదండీ, ఎందుకొచ్చిన గొడవ” అంది.

ఇంట్లో కూడా ఆవిడ దిబ్బరొట్టె చెయ్యడం మానేసింది. కోపంతో కాదు. చేద్దామంటే మనసు రావట్లేదనేది. మూకుడు వంటింటి అలమర పైఅరలోకి వెళ్ళిపోయింది. సాగర్ట్ కెఫేలో కుక్కలకు జుట్టు కత్తిరించే దుకాణం వెలిసింది.

ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. వసుంధర తెలిసినవాళ్ళందరికీ ఓర్లా గురించి చెప్పేది. ఇల్లు కొనుక్కుంటున్నామని ఎవరన్నా అంటే చాలు, “ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, ముఖ్యమైనది చెప్పకుండా మా కొంప ముంచింది” అనేది. ఇద్దరు ముగ్గురు నిజంగానే వేరే చోటికి వెళ్ళారు. ఒకసారి లక్ష్మీనారాయణకు ట్రాములో ఓర్లా ఎదురైంది. “ఎలా ఉన్నావు లక్ష్మీ? వసుంధర ఎలా ఉంది?” అని పేరు పెట్టి అడిగింది. ఆయన రెండు మాటలు చెప్పి, తన స్టాపు రాకముందే దిగిపోయాడు.

రెండేళ్ళు పూర్తయ్యాయి. ఆ వారమే వసుంధర మళ్ళీ దుకాణం వెతకడం మొదలుపెట్టింది. ఆవిడ నడకలో పాత వేగం కనిపించి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాడు. తాలాలో ఒక చోటు కుదిరేలా ఉంది. ఒక మధ్యాహ్నం లీజు కాగితాలు బల్ల మీద పరిచి ఆవిడ ఆయన్ని పిలిచింది.

“ఈసారి ప్రతి పేజీ నేనే చదువుతానండీ. మీరు పక్కన కూర్చుని అర్థం కానిచోట చెప్పండి. ఇంకో లాయర్ని చూద్దాం. ఆ ఓర్లా మాత్రం వద్దు. మనుషుల్ని అలా ముంచేవాళ్ళకి పుట్టగతులుండవు.”

లక్ష్మీనారాయణ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీశాడు.

“ఓర్లా చెప్పింది” అన్నాడు.

“ఏంటి?”

“ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పింది. నీ పేరు తీయిస్తాను, రాయమంటావా అని అడిగింది. నేనే వద్దన్నాను.”

వసుంధర చేతిలో కలం అలాగే ఉంది. “మర్చిపోయి అన్నారా?”

“కాదు. తెలిసే అన్నాను.”

“ఎందుకు?”

ఏళ్ళ తరబడి గొంతులో ఉన్న మాట బయటికి వచ్చేసరికి ఎంతో చిన్నదిగా ఉంది. “అలిసిపోయాను వసూ. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు. నీతో చెప్పలేకపోయాను.”

“చెప్పచ్చుగా.”

“చెప్తే నువ్వు మానేసేదానివి.”

“అవును, మానేసేదాన్ని” అంది ఆవిడ. గొంతు పెరగలేదు. “మీకు ఓపిక లేదని తెలిసి మానేసేదాన్ని. అది నేను మీకోసం చేసిన పని అయ్యుండేది. అదన్నా నాకు మిగిలేది కదండీ.”

ఆవిడ లీజు కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దింది. అంచులు కలిసేదాకా సర్దింది.

“రెండేళ్ళు ఆ మహాతల్లిని తిట్టుకున్నాను. మీరు వింటూ కూర్చున్నారు.”

మర్నాడు పొద్దున్న ఆవిడ ఒక్కత్తే ట్రామెక్కి ఓర్లా ఆఫీసుకు వెళ్ళొచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆయనకు చెప్పలేదు. తాలా లీజు కాగితాలు ఏజెంటుకు తిప్పి పంపేసింది. ఆ వారాంతంలో రోజీకి ఫోన్ చేసింది.

అరుపులు లేవు, పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోవడం లేదు. శ్రీలేఖ పరీక్షలయ్యేదాకా ఆగింది. తర్వాత బుధవారం రైల్లో స్లైగో వెళ్ళి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చే ఏర్పాటు చేసుకుంది. ఆయనకు నాలుగైదు రోజుల కూర, పప్పు చేసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళేది. మాట్లాడవలసినవి మాట్లాడేది. మందులు వేసుకున్నారా అని ఫోన్లో అడిగేది. కానీ ‘మన’ అన్న మాట ఆవిడ నోటి నుంచి పోయింది. దుకాణం లీజు మీద రెండే పేర్లున్నాయి, ఆవిడదీ రోజీదీ. ఆయన్ని సంతకం అడగలేదు.

ఆగస్టులో ఒక శనివారం లక్ష్మీనారాయణ చెప్పకుండా స్లైగో వెళ్ళాడు. నది పక్కన సందులో ఉంది దుకాణం. ఐదే బల్లలు. ఆస్పత్రి డ్యూటీ దిగిన నర్సులు, వాళ్ళ పిల్లలు, ఇద్దరు ముసలి ఐరిష్‌వాళ్ళు గుమ్మం దాకా నిలబడి ఉన్నారు. రోజీ ఆయన్ని చూసి, “రండి బావగారూ” అని మూలన చోటు చూపించింది. రోజీకి ఏం తెలుసో, ఏం తెలియదో ఆయన ఊహించలేకపోయాడు.

వసుంధర వంటగది నుంచి తొంగి చూసి, ఒక్క క్షణం ఆగి, తల ఊపింది. కాసేపటికి తనే పళ్ళెం తెచ్చి పెట్టింది. ఎర్రగా కాలిన దిబ్బరొట్టె, పక్కన ఆవకాయ. ఆయన తిన్నాడు. ఏళ్ళయింది ఆ రుచి నాలుకకు తగిలి. అడుగు కరకరలాడుతుంటే కళ్ళు చెమర్చాయి, ఆవకాయ ఘాటని రోజీ అనుకుంది.

ఆ సమయానికే బయట వ్యాను ఆగి, పప్పు బస్తాలు దిగాయి. ఆయన ఠక్కున లేచి, చొక్కా చేతులు మడిచాడు.

“నేను పట్టుకొస్తాను.”

“వద్దండీ, కూర్చోండి” అంది వసుంధర. ఆ గొంతులో కోపం లేదు, ఎవరైనా చుట్టం పని అందుకోబోతే అనే తీరుగా ఉంది. “మీ మడమలు నొప్పెడతాయి. మేం చూసుకుంటాం.”

ఆవిడా రోజీ చెరోవైపు పట్టుకుని బస్తా లోపలికి మోసుకెళ్ళారు. ఆయన మడిచిన చొక్కా చేతులు మళ్ళీ విప్పుకోకుండా అలాగే కూర్చున్నాడు. గుమ్మంలో ఇంకా జనం ఉన్నారని గమనించి, బల్ల ఖాళీ చేసి, సాయంత్రం రైలు టైము చూసుకోవడానికి బయటికి నడిచాడు.